ఇంట్లో ఒడియా, బడిలో తెలుగు: చిన్న కవితలతో రాత నేర్పే పద్ధతి

ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం వైపు బడుల్లో తెలుగు చెప్పేవారికి ఈ సంగతి తెలిసిందే. తరగతిలో చాలామంది పిల్లలు ఇంట్లో ఒడియా మాట్లాడతారు. అమ్మమ్మతో ఒడియా, బజారులో తెలుగు, టీవీలో రెండూ. తెలుగు వింటే అర్థం చేసుకుంటారు, అడిగితే జవాబు చెబుతారు. నాలుగు వాక్యాలు సొంతంగా రాయమంటే మాత్రం కలం కదలదు. ‘మా ఊరు’ అని వ్యాసం ఇస్తే గైడులో ఉన్న ఊరిని దించేస్తారు. ఆ ఊళ్లో సముద్రం ఉండదు, కొబ్బరితోట ఉండదు, జీడిపిక్కలు ఉండవు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇలాంటి పిల్లల చేత రాయించడానికి నేను నమ్ముకున్నది చట్రం ఉన్న చిన్న కవిత. దాన్ని నేను ఎలా నేర్పుతానో ఇక్కడ రాస్తున్నాను.

చట్రం అంటే పాదాలు ఎన్నో, ఏ పాదం ఎలా మొదలవాలో, ఏ మాటతో ముగియాలో ముందే తేలిపోయిన కవిత. ఇది ఖాళీలు పూరించడమే కదా అని తోటి ఉపాధ్యాయులు అడుగుతుంటారు. ఖాళీలు పూరించే ప్రశ్నకు జవాబు ఒకటే ఉంటుంది, అది పుస్తకంలో దొరుకుతుంది. కవితలో ఖాళీకి జవాబు ఆ పిల్ల ఇంట్లోనో పెరట్లోనో ఉంటుంది, నాకు తెలియదు. నాకు తెలియని విషయాన్ని నాకు చెప్పాల్సి వచ్చినప్పుడే పిల్లలు భాషను నిజంగా వాడతారు.

ఒక నియమం మాత్రం గట్టిగా పాటించండి. ఒక చట్రం ఒకే వ్యాకరణ విషయాన్ని మోయాలి. లింగ వచనాలు, విభక్తులు, కాలాలు అన్నీ ఒకే కవితలో నేర్పాలని చూస్తే ఏదీ రాదు.

మొదటి కవిత: ఇంటి భాషలో ఉన్న వాక్యంతో

మొట్టమొదటి చట్రానికి పిల్లల ఇంటి భాషలో అచ్చంగా అలాగే ఉన్న నిర్మాణాన్ని ఎంచుకోండి. తెలుగులో ‘నాకు పనసపండు ఇష్టం’ అంటాం. ఒడియాలో ‘మొతె పణస భల లాగే’ అంటారు. రెండింటిలోనూ ఇష్టపడేవారికి ‘కు’ విభక్తే. ‘నేను’ కాదు ‘నాకు’ అని వాదించి చెప్పే పని ఉండదు. పిల్లలకు తెలుగు తమ ఇంటికి దగ్గరి చుట్టమే అన్న ధైర్యం వస్తుంది. మందస, మెళియాపుట్టి కొండల వైపు సవర పిల్లలకు చెప్పేవారు కూడా ముందు ఒక పెద్దవారి దగ్గర కూర్చుని, ఆ భాషలో ఏ వాక్యం తెలుగుకు దగ్గరగా నడుస్తుందో అడిగి తెలుసుకోవాలి. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి సవర పిల్లలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు మొదట తానే సవర భాష నేర్చుకున్నారు. మనకు అంత పాండిత్యం అక్కర్లేదు, పది వాక్యాలు తెలిస్తే చాలు.

చట్రం ఇది: నాలుగు పాదాలు. మూడు ‘నాకు ఇష్టం’ అని ముగుస్తాయి, నాలుగోది ‘నాకు ఇష్టం లేదు’ అని ముగుస్తుంది. అన్నీ ఒకే వస్తువు గురించి ఉండాలి.

వస్తువును తరగతికి తీసుకెళ్లండి. తోటలకు పేరుపడ్డ మా ఉద్దానం ప్రాంతంలో వేసవి మొదట్లో పనసకు కొదవ లేదు. కోసిన సగం పండు బల్ల మీద పెడితే వెనక వరుస దాకా వాసన వెళుతుంది. అప్పుడు రాయమనకండి, మాట్లాడించండి. ‘పనస ఇష్టం’ అని ఒకరు అంటారు. ‘పనసలో ఏమిటి ఇష్టం?’ అని అడగండి. ‘వాసన’ అంటారు. ‘ఏ వాసన?’ అని మళ్లీ అడగండి. ఈ ‘ఏ’ అన్న ప్రశ్నే మొత్తం పాఠం. దానికి జవాబు చెప్పడానికి తెలుగులో ‘నిండిన, అంటిన, కోసిన’ లాంటి మాటలు కావాలి. వాటి పేరు చెప్పకుండానే, వాటి పట్టిక నల్లబల్ల మీద రాయకుండానే పిల్లలు వాటిలోకి నడిచి వస్తారు. ఒక ఆరో తరగతి అమ్మాయి ఇలా రాసింది:

పనసపండు నాకు ఇష్టం.
గది నిండిన వాసన నాకు ఇష్టం.
కోసే ముందు అమ్మ రాసుకున్న నూనె నాకు ఇష్టం.
వేళ్లకు అంటిన జిగురు నాకు ఇష్టం లేదు.

ఆ మూడో పాదం ఏ గైడులోనూ దొరకదు. పనస కోసే ఇంట్లో పెరిగిన పిల్లకే ఆ నూనె గుర్తుంటుంది.

నమూనా కవిత మీరు రాసి చూపించాలి. ఒకటి చూపిస్తే అందరూ దాన్నే కొద్దిగా మార్చి రాస్తారు, కాబట్టి రెండు చూపించండి, ఒకదానికొకటి పోలిక లేని వస్తువుల మీద. పిల్లలు రాయడం మొదలుపెట్టే ముందు బల్ల మీద చట్రం మాత్రమే ఉంచి రెండు కవితలూ చెరిపేయండి. తెలుగు మాట తట్టకపోతే ఒడియా మాటే రాయనివ్వండి, కింద గీత గీయమనండి. కవిత పూర్తయ్యాక పక్కవారిని అడిగి మార్చుకుంటారు. మాట కోసం ఆగిపోతే వాక్యం చచ్చిపోతుంది.

ఒకే క్రియ, నలుగురు కర్తలు

ఇప్పుడు ఇంటి భాషలో లేనిదానికి రావచ్చు. ఒడియా క్రియలో ఆడ, మగ తేడా ఉండదు. అందుకే ‘అమ్మ వచ్చాడు’ అని పిల్లలు తడుముకోకుండా అంటారు. వాళ్లు అమ్మను మరిచిపోలేదు, వాళ్ల భాషలో క్రియకు ఆ సంగతి అక్కర్లేదు. దీన్ని చూసి నవ్వే పిల్లలను మొదటి రోజే ఆపాలి. ఒకసారి నవ్వులపాలైన పిల్ల ఆ ఏడాదంతా నోరు విప్పదు.

చట్రం: ప్రతి పాదంలో ఎవరు, ఎక్కడి నుంచి, ఏమి, చివర ‘తెచ్చు’ అన్న క్రియ. మొదటి మూడు పాదాల్లో ముగ్గురు వేర్వేరు కర్తలు, వారిలో ఒకటి మనిషి కానిది. చివరి పాదంలో ‘మేము’. ఆ చివరి పాదంలో తెచ్చేది చేత్తో పట్టుకోలేనిది కావాలి.

అమ్మమ్మ తోట నుంచి మునక్కాడలు తెచ్చింది.
మామయ్య బారువ నుంచి చేపలు తెచ్చాడు.
మబ్బు మహేంద్రగిరి నుంచి వాన తెచ్చింది.
మేము బడి నుంచి ఆకలి తెచ్చాం.

‘చేత్తో పట్టుకోలేనిది’ అన్న ఒక్క షరతు లేకపోతే ఇది అభ్యాసంగానే మిగులుతుంది, దాని వల్లే కవిత అవుతుంది. ఆకలి, నిద్ర, కబురు, కోపం, పాట, ఇలా ఎన్నో వస్తాయి.

ఈ కవితలో అమ్మమ్మకూ మబ్బుకూ ఒకే ముగింపు వచ్చిందని పిల్లలే కనిపెడతారు, మీరు చెప్పకండి. తర్వాత రోజు కర్తలను బహువచనం చేయించండి: అక్కలు తెచ్చారు, మామయ్యలు తెచ్చారు, మబ్బులు తెచ్చాయి. ఒక్కరుగా ఉన్నప్పుడు మబ్బుతో కలిసి నడిచిన అమ్మమ్మ, పదిమందిలో చేరగానే మామయ్యలతో కలిసిపోతుంది. తెలుగు నేర్చుకునే పెద్దవాళ్లకు కూడా కష్టమయ్యే చోటు ఇది. రెండు కవితలు పక్కపక్కన పెట్టి గట్టిగా చదివిస్తే చాలు. ‘నాన్న తెచ్చాడు’ అనాలా ‘తెచ్చారు’ అనాలా అని అడిగితే మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే రాయమని చెప్పండి. గౌరవం తేడా ఒడియా క్రియలోనూ ఉంది కాబట్టి అది వాళ్లకు తెలుసు.

పొడుపు కవిత, ఐదు పాదాల కవిత

పొడుపు కథ పిల్లలకు పుట్టుకతో వచ్చిన చట్రం, దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ‘కాదు’, ‘లేదు’ల తేడా నేర్పడానికి వాడండి. ఒడియాలోనూ ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి, త్వరగా అందుకుంటారు. పలాస నుంచి వచ్చిన ఒక అబ్బాయిది:

కాయ కాదు, పండే. లోపల గింజ లేదు.
గింజ ఉంది. దాని చుట్టూ పండు లేదు.
పచ్చి గుల్ల ఒలిస్తే చెయ్యి కాలుతుంది.
వేయించి పెడితే అందరి చెయ్యీ చాపుతుంది.

జవాబు జీడి. మూడో పాదం రాయాలంటే జీడిగుల్లలోని నూనె చర్మాన్ని కాలుస్తుందని తెలియాలి. వాళ్ల అమ్మ చేతులు చూసి తెలుసుకున్నాడు. నాలుగో పాదంలో ‘చెయ్యీ చాపుతుంది’ అన్నచోట వ్యాకరణం కొంచెం జారింది. నేను ముట్టుకోలేదు, ఆ వారం పాఠం అది కాదు.

ఐదు పాదాల కవిత బయటి నుంచి వచ్చింది. అమెరికా కవయిత్రి అడిలైడ్ క్రాప్సీ వందేళ్ల కిందట 2, 4, 6, 8, 2 అక్షరాల లెక్కతో ఒక చిన్న రూపాన్ని కట్టారు. తర్వాత బడుల్లో ఆ లెక్క మాటల లెక్కగా మారింది: ఒక వస్తువు పేరు, దాని గుణాలు రెండు, దాని పనులు మూడు, నాలుగు మాటల వాక్యం, చివర ఆ వస్తువుకు ఇంకో పేరు. మూడు పనుల పాదంలో ఇంగ్లీషులోని ‘-ing’ క్రియారూపం బదులు ‘తూ’ పెట్టించండి. ఊగుతూ, వంగుతూ అనేసరికి నడక దానంతట అదే వస్తుంది. తెలుగులో ఒక్క మాటలోనే ఎంతో ఇమిడిపోతుంది కాబట్టి నాలుగు మాటల పాదం దగ్గర మరీ పట్టుదలగా లెక్కపెట్టకండి.

తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం తోటలు నేలమట్టమయ్యాయి. ఆ తర్వాత ఏడాది ఒక ఎనిమిదో తరగతి అబ్బాయి రాసిన కవిత ఇది:

కొబ్బరిచెట్టు
పొడుగైనది, గరుకైనది
ఊగుతూ, వంగుతూ, విరుగుతూ
ఆ రాత్రి నాన్న నిద్రపోలేదు
మోడు

ఇలాంటి కవిత వచ్చినప్పుడు తప్పొప్పులు వెంటనే మాట్లాడకండి. కవిత ఏం చెప్పిందో దాని గురించి మాట్లాడండి. ‘నాన్న ఏం చేశారు?’ అని అడిగితే ఆ అబ్బాయి ఇంకో పేజీ రాశాడు, చట్రం లేకుండానే.

జపాను హైకూతో మొదలుపెట్టమని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. 5, 7, 5 లెక్క పిల్లలకు సరదాగానే ఉంటుంది, కానీ అందులో ఏ వాక్య నిర్మాణమూ పట్టుకోవడానికి ఉండదు. కొత్త భాషలో ఉన్న పిల్ల అక్షరాలు సరిపెట్టడానికి విడి మాటలు పేర్చి ఊరుకుంటుంది.

చేతితో తట్టి నేర్చే దీర్ఘం

అన్నిటికంటే ఎక్కువ ఫలితం నేను చూసింది మాత్రల కవితలోనే, అంటే అక్షరం పలికే నిడివిని లెక్కపెట్టే కవితలో. ఒడియా లిపిలో హ్రస్వ ఇ, దీర్ఘ ఈ లాంటివి వేరువేరుగా ఉన్నా పలుకులో ఆ నిడివి తేడా లేదు. అందువల్ల మా పిల్లలు పూలు బదులు ‘పులు’, కోడి బదులు ‘కొడి’, పీట బదులు ‘పిట’ అని రాస్తారు. ఎర్రసిరాతో దీర్ఘం పెట్టి తిరిగిస్తే, వచ్చే వారం మళ్లీ అవే తప్పులు. వాళ్ల చెవికి వినపడని తేడాను కంటికి చూపించి లాభం లేదు, అది చేతికి ఎక్కాలి.

ఛందస్సు అనగానే పరీక్షలో గణవిభజన ప్రశ్న గుర్తొస్తుంది. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. లఘువు అంటే బల్ల మీద వేలితో ఒక తట్టు, అదే ఒక మాత్ర. గురువు అంటే అరచేతితో తట్టి, ఇంకో తట్టుకు పట్టేంతసేపు చెయ్యి అక్కడే ఆనించి ఉంచడం. దీర్ఘానికి అరచెయ్యి. సున్నా ఉన్న అక్షరానికి అరచెయ్యి. ఒత్తు అక్షరానికి ముందున్న అక్షరానికి అరచెయ్యి. మిగిలినవాటికి వేలు. మొదట ఇంత చాలు.

ముందు మాటల వేట. మూడు మాత్రల మాటలు ఒక వరుసలో: వాన, గాలి, ఏరు, కోడి, పూలు, జీడి, పండు, అక్క, పనస, మునగ, పడవ. నాలుగు మాత్రలవి ఇంకో వరుసలో: కొబ్బరి, మామిడి. ఊళ్ల పేర్లు తట్టించండి, పిల్లలకు ఎక్కడలేని ఉత్సాహం వస్తుంది. కవిటి మూడు. మందస, బారువ, పలాస, టెక్కలి నాలుగేసి. సోంపేట ఐదు, ఏ వరుసలోనూ పట్టదు. ‘కవిటి కొబ్బరి, పనస మామిడి’ అని ఒకరు అనగానే తరగతి అంతా బల్లలు తడుతుంది. మూడు, నాలుగు, మూడు, నాలుగు. విజయనగరంలో గురజాడ అప్పారావు 1910లో ‘ముత్యాల సరములు’తో తెచ్చిన నడక ఇదే. అలాంటి పాదాలు మూడు, ఆ తర్వాత కురచగా నాలుగోది. ఇంత చేరువలో ఇంత చక్కటి చట్రం ఉంచుకుని మనం దూరం వెళ్లనక్కర్లేదు.

ఇక కవిత. మొదటి సగంలో ‘స్తే’ వచ్చే క్రియ, రెండో సగంలో ‘మాదే’:

వాన వస్తే ఏరు మాదే
గాలి వీస్తే పండు మాదే
పూలు పూస్తే తేనె మాదే
ఊరు మాదే

‘వాన వస్తే’ నెమ్మదిగా తట్టి చూడండి. ‘వా’కు అరచెయ్యి, ‘న’కు వేలు. అక్కడికి మూడు. ‘స్తే’ ముందున్న ‘వ’కు అరచెయ్యి, ‘స్తే’కు అరచెయ్యి. అక్కడికి నాలుగు. ఇప్పుడు ఎవరైనా ‘పులు పూస్తే’ అని రాశారనుకోండి. చదువుతుంటే వేలు రెండుసార్లు పడి మాట అయిపోతుంది, మూడో తట్టుకు అక్షరం ఉండదు. ‘మేడం, తట్టు మిగిలిపోయింది’ అని ఒక పిల్ల నాతో అంది. తప్పు ఎక్కడుందో నేను చెప్పలేదు. తనే మళ్లీ తట్టి, ‘పూ’ దగ్గర చెయ్యి ఆనించి, నోట్‌బుక్కులో కొమ్ము దిద్దుకుంది. ఎర్రసిరా చేయలేని పని ఇది. ద్విత్వం జారిపోయి అక్క ‘అక’ అయినా ఇలాగే పట్టుబడుతుంది.

ఈ పాఠంలో తొందర పడకండి. ఒక పీరియడు మొత్తం మాటల వేటకే ఇవ్వండి. పాదం కుదరని పిల్లలకు మాట మార్చుకోమని చెప్పండి కానీ మీరు మాట అందించకండి. తప్పెటగుళ్లు (తప్పెట వాయిస్తూ ఆడే జానపద నృత్యం) కట్టే ఇళ్ల పిల్లలు తరగతిలో ఉంటే వాళ్లను ముందు నిలబెట్టండి. లయ వాళ్ల దగ్గరే ఉంది, మిగతావాళ్లు వాళ్ల చేతులు చూసి నేర్చుకుంటారు. మామూలుగా తెలుగులో వెనకబడినవారని అనిపించుకునే పిల్లలు ఆ రోజు గురువులు అవుతారు.

దిద్దడం, చదవడం

చట్రం ఏ విషయం కోసం కట్టారో దాన్నే దిద్దండి. ‘తెచ్చు’ కవితలో క్రియ ముగింపు, మాత్రల కవితలో నిడివి. మిగిలిన తప్పులు మీ పుస్తకంలో రాసి పెట్టుకోండి, వచ్చే చట్రం దేని మీద కట్టాలో అవే చెబుతాయి. మార్కులు వేయకండి. మార్కు పడగానే పిల్లలు మళ్లీ గైడు వైపు చూస్తారు.

ప్రతి కవితా గట్టిగా చదవాలి. రాసినవారు ఒకసారి, తరగతి మొత్తం ఒకసారి. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవానికి ఎవరో రాసిచ్చిన ప్రసంగాలు బట్టీ పట్టించే బదులు ఈ కవితలు చదివించండి. రెండు నిమిషాల్లో పదిమంది పిల్లల గొంతు వినిపిస్తుంది.

చివరి చట్రం ఇంటి నుంచి వస్తుంది. కవితను ఇంట్లో పెద్దలకు చదివి, ఒడియాలో అర్థం చెప్పి, వాళ్లేమన్నారో రాసుకు రమ్మనండి. తెలుగు ‘అని’కి ఒడియాలో ‘బోలి’ ఉంది. వాక్యంలో దాని చోటు కూడా దాదాపు ఒకటే. అందుకే ఇతరుల మాటను చెప్పే వాక్యం ఈ పిల్లలకు అనుకున్నంత కష్టం కాదు. మూడు పాదాలు, ప్రతి పాదంలో ‘అని’, చివరి పాదంలో మాట్లాడేది మనిషి కాకూడదు:

చేప ఎక్కువ ఉడికిందని అమ్మమ్మ అంది.
ఉప్పు తక్కువైందని తాత అన్నాడు.
ఇంకొంచెం కావాలని పిల్లి అంది.

ఇది కుదిరిన పిల్లల చేత అవే మూడు మాటలను ‘అడిగింది’, ‘అరిచాడు’, ‘అనుకుంది’లతో మళ్లీ రాయించండి. అక్కడి నుంచి సంభాషణ రాయడానికి వెళ్లవచ్చు, ఇక చట్రం తీసేయవచ్చు.